ఉక్కు ఆకాశం కింద

తెలుగులో ‘ఆడు’ అనే ధాతువు మహా గడుసుది. పిల్లలు బంతి ఆడతారు. భాగవతులు భామాకలాపం ఆడతారు. పెద్దమనిషి ఆడిన మాట తప్పడు. గానుగలో నువ్వులు ఆడిస్తారు. భయం వేస్తే కాళ్లూ చేతులూ ఆడవు. ఉక్క పోస్తే ఊపిరాడదు. సినిమా హాల్లో మొదటి ఆట, రెండో ఆట సరేసరి. ఇన్ని బరువులు ఒక్క మాట మీద మోపిన భాషలో, ‘కంప్యూటరు మీద ఆట’ అనేసరికి మాత్రం ఇంటి పెద్దల మొహాలు చిట్లిపోతాయి. పిల్లవాడి చదువు చట్టుబండలవుతుందని బెంగ.

ఆ బెంగ ఉత్తినే పుట్టింది కాదు. తుపాకీ పుచ్చుకుని కనిపించినవాణ్ణల్లా కాల్చే ఆటలు, బొమ్మ కార్లతో గుద్దుకునే ఆటలు, ఒక్క క్షణం ఆలోచించే వ్యవధి ఇవ్వని ఆటలు కొల్లలుగా వున్నాయి. వాటి తరఫున వకాల్తా పుచ్చుకునే ఉద్దేశం నాకు లేదు. అయితే ఈ ఆటల్లో కూడా ఒక పాత సంప్రదాయం వుంది. అందులో తొందర లేదు, కాల్పులు లేవు. తెర మీద ఒక బొమ్మ కనిపిస్తుంది. అందులో ఒక తలుపు, ఒక మెట్ల వరస, ఒక మనిషి. బాణపు గుర్తును దేనిమీదికి తీసుకుపోయి నొక్కితే ఆ వస్తువు సంగతి తెలుస్తుంది. దొరికినవి జేబులో వేసుకోవాలి. ఏది ఎక్కడ పనికివస్తుందో తల బద్దలు కొట్టుకుని కనిపెట్టాలి. అంతే ఆట. ఇంగ్లీషులో దీన్ని ‘పాయింట్ అండ్ క్లిక్’ అంటారు. మనం ‘చూపి నొక్కే ఆట’ అనుకుందాం. ఇంతకంటె మంచి మాట పాఠకులకు తడితే సంతోషం.

దీని వంశవృక్షం ముచ్చటైనది. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు వుండేవాడు. ఆయనకు గుహల్లో దూరి తిరగటం సరదా. తాను తిరిగిన కెంటకీ గుహలను మాటల్లో వర్ణిస్తూ 1976 ప్రాంతంలో ఒక ఆట రాశాడు. అందులో బొమ్మే లేదు. ‘ఉత్తరానికి నడు’, ‘దీపం తీసుకో’ అని మనం టైపు చేస్తే, కంప్యూటరు ఏమైందో చెబుతుంది. తరవాత 1980లో రొబెర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ అనే దంపతులు దానికి బొమ్మలు చేర్చారు. 1987లో ‘మేనియాక్ మాన్షన్’ అనే ఆట వచ్చాక ఆజ్ఞలు టైపు చేసే బాధ తప్పి, చూపి నొక్కటం స్థిరపడింది. 1990లో ‘మంకీ ఐలెండ్’ వచ్చి నవ్వుల పంట పండించింది.

నేను చెప్పబోయేది ఈ వంశంలో కాస్త నల్లని రంగున్న బిడ్డ. పేరు ‘బినీత్ ఎ స్టీల్ స్కై’. అంటే ఉక్కు ఆకాశం కింద. ఇంగ్లండులో చార్లెస్ సెసిల్ ప్రభృతులు పెట్టిన రివల్యూషన్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ దీన్ని 1994లో విడుదల చేసింది. ఇందులో బొమ్మల రూపకల్పన చేసినవాడు డేవ్ గిబ్బన్స్. ‘వాచ్‌మెన్’ అనే పన్నెండు సంచికల బొమ్మల కథకు 1986–87లో బొమ్మలు వేసి పేరు గడించిన చిత్రకారుడాయన. ఆయన పెన్సిలుతో గీసి ఇచ్చిన దృశ్యాలకు కాగితం మీద రంగులు వేయించి, వాటిని కంప్యూటరులోకి ఎక్కించారు. ఆట పెట్టెతోబాటు ఆయన గీసిన ఒక చిన్న బొమ్మల పుస్తకం కూడా ఇచ్చారు. కథకు పూర్వరంగమంతా అందులో వుంటుంది. అమీగా అనే కంప్యూటరు కోసం ఈ ఆట 15 ఫ్లాపీ డిస్కుల మీద వచ్చింది. ఒకటి తీసి ఒకటి పెడుతూ ఆడుకున్న ఆనాటి పిల్లల ఓపికకు దండం పెట్టాలి.

ఆనాటి తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. మొత్తం 64,000. ఇవాళ మన చేతిలోని మామూలు ఫోనులో ఇరవై లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. అయినా, ముగ్గు అందం చుక్కల లెక్కలో వుందా, వేసే చేతిలో వుందా? ఆ 64,000 చుక్కల్లోనే పొగ గొట్టాలు, తుప్పు పట్టిన వంతెనలు, పచ్చటి దీపం కింద నల్లటి నీడలు – చూస్తూంటే వాసన కూడా వచ్చేట్టుగా వుంటాయి.

కథ సూక్ష్మంగా ఇది. భవిష్యత్తులో ఆస్ట్రేలియా. యుద్ధాలతో, విషవాయువులతో దేశం బీడుపడింది. మిగిలినవి నాలుగు గోడల మధ్య బతికే పెద్ద పట్టణాలు. బయటి ఎడారిలో ఒక హెలికాప్టరు కూలితే, అందులో బతికిన పసివాణ్ణి అక్కడి ఆదివాసులు పెంచారు. పేరు రాబర్ట్. ఇంటిపేరు తెలియక, దగ్గర దొరికిన బీరు డబ్బా మీది అక్షరాలు చూసి ఫాస్టర్ అని పెట్టారు. వాడు పెరిగి, చెత్తకుప్పల్లో దొరికిన సామానుతో జోయీ అనే మరమనిషిని చేసుకున్నాడు. ఒకనాడు పట్టణం నుంచి సాయుధులు వచ్చి, గూడెాన్ని మట్టుబెట్టి, వాణ్ణి ఎత్తుకుపోయారు. ఆ హెలికాప్టరూ కూలింది. వాడు తప్పించుకుని ఒక కార్ఖానాలో దాక్కున్నాడు. చేతిలో జోయీ మెదడు పలక ఒక్కటే మిగిలింది. ఎదురుగా మూసివున్న తలుపు. అక్కడినుంచి ఆట మనది.

ఈ నడక తెలుగువాళ్లకు కొత్తది కాదు. చందమామలో 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి రాసిన సీరియళ్లు గుర్తు తెచ్చుకోండి. శిథిలాలయాలు, పాతాళ దుర్గాలు, మంత్రగాళ్లు, చిత్రా గారి బొమ్మలు. వీరుడికి ఒక చోట దొరికిన వస్తువు మూడు సంచికల తరవాత ప్రాణం కాపాడుతుంది. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వుండేది కాదు. అయినా నెలాఖరుకు పోస్టుమాను కోసం వీధి గుమ్మంలో కాచుకుని కూర్చున్న ఇళ్లు ఎన్నో. తేడా ఒక్కటే. అక్కడ తరవాతి సంచిక వచ్చేదాకా ఆగాలి. ఇక్కడ మన బుర్ర పనిచేసేదాకా ఆగాలి.

మా కాపురం వికారాబాదులో. నా ఉద్యోగం తాండూరులో. దసరా సెలవుల్లో ఇంటరు చదివే మా అమ్మాయి ఈ ఆటను ల్యాప్‌టాపులోకి దించింది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. మొదటి తలుపు దగ్గరే ఇరవై నిమిషాలు గడిచాయి. తలుపును నొక్కితే రాదు. మెట్లు దిగితే కింద కాపలావాడు.

“నాన్నా, దీని జవాబులన్నీ నెట్లో వున్నాయి. చూసేద్దామా?” అంది.

మా ఆవిడ పుట్టిల్లు తాండూరు. బండల గనుల మధ్య పెరిగిన మనిషి. గోరుచిక్కుళ్లు తుంచుతూ ఒక్కసారి తెర వంక చూసి, “తలుపు రాకుంటే గడ్డపార పెట్టి లేపాలె. బండ లేపేటోళ్లు గట్లనే లేపుతరు గద. ఆ పక్కన ఇనుప కమ్మి వున్నది, పీకి చూడు” అంది. అమ్మాయి కమ్మి మీద నొక్కింది. ఊడి చేతికి వచ్చింది. దాన్ని తలుపు సందులో పెడితే తలుపు తెరుచుకుంది. ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేను నిశ్శబ్దంగా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

‘నెట్లో జవాబులు చూసేద్దామా’ అన్న ఆ ప్రశ్న నాకు బాగా పరిచయం. కాలేజీలో ప్రతి జూన్‌లోనూ వింటాను. “సార్, పుస్తకం తరవాత చూద్దాం, ముందు క్వశ్చన్ బ్యాంకు చెప్పండి” అంటారు పిల్లలు. పద్యం మీద రెండు నిమిషాలు కూర్చోవటమంటే వాళ్లకు ముళ్ల మీద కూర్చోవటం. వాళ్ల తప్పని అనను. మార్కుల బండి అల్లా తోలుతోంది. కాని అర్థం కాని చోట కాసేపు ఆగి, అటు తిప్పి ఇటు తిప్పి చూసే ఓర్పు ఒకటి వుంది. అది ఏ గైడులోనూ దొరకదు. అవధానంలో సమస్యాపూరణం చూడండి. పృచ్ఛకుడు పొంతన లేని చివరి పాదం ఒకటి విసురుతాడు. అవధాని మిగిలిన మూడు పాదాలతో ఆ పొంతన లేనిదానికి పొంతన కుదురుస్తాడు. సభ చప్పట్లు కొట్టేది జవాబుకు కాదు. అది తట్టిన క్షణానికి. ఈ ఆటలోనూ సుఖమంతా ఆ తట్టటంలోనే వుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ జాతి ఆటల్లో అన్ని చిక్కులూ న్యాయమైనవి కావు. అవధానిని పడగొట్టటానికే సమస్య ఇచ్చే పృచ్ఛకుడు వున్నట్టే, ఆడేవాణ్ణి ఏడిపించటానికే ముడివేసిన ఘట్టాలు కొన్ని ఈ ఆటలకు తలవంపులు తెచ్చాయి. ఈ ఉక్కు ఆకాశంలో కూడా రెండు మూడు చోట్ల అల్లాంటివి తగులుతాయి. కొన్నిచోట్ల ఏమరితే ఫాస్టరు ప్రాణమే పోతుంది. ఒక పూటంతా ఆలోచించి, మర్నాడు కూడా దారి దొరకకపోతే అప్పుడు జవాబు చూసుకోవటం పాపం కాదు. మొదటి అయిదు నిమిషాలకే చూడటం మాత్రం పప్పు వుడకకముందే చారు పెట్టటం వంటిది.

ఇక ఆ పట్టణం సంగతి. పేరు యూనియన్ సిటీ. అంతస్తుల మీద అంతస్తులు. మనం మామూలుగా ఏమనుకుంటాం? పైన ధనవంతుడు, కింద పేదవాడు. ఈ పట్టణంలో అది తలకిందులు. కార్ఖానాలు, పనివాళ్ల బతుకులు పై అంతస్తుల్లో, విషపు గాలిలో, పొగ మధ్య. కలవారు అడుగున నేల మీద, పచ్చటి తోటల్లో కుక్కపిల్లలను తిప్పుకుంటూ వుంటారు. ఆకాశం చెడిపోయింది కనక ఆకాశానికి దగ్గరగా వుండటం పేదవాడి వంతు అయింది.

మా వైపు వాళ్లకు ఈ సంగతి తొందరగా బోధపడుతుంది. మూసీ మా అనంతగిరి కొండల్లో పుడుతుంది. అక్కడ తేటగా వుంటుంది. హైదరాబాదు దాటేసరికి దాని రూపం ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అక్కడ ఎగువవాడికి తేట నీరు, దిగువవాడికి మురుగు. తాండూరు గనుల్లో నీలం బండ, పసుపు బండ కోసేవాడు గోతి అడుగున ఎండలో వుంటాడు. ఆ బండ నునుపు దేరి ఎక్కడో చల్లటి వసారాలో పరుచుకుంటుంది. పైనా కిందా అనే మాటల్లో ఏమీ లేదు. దుమ్ము ఎటు పోతే కూలివాడు అటు పోతాడు, అంతే. ముప్ఫై ఏళ్ల కిందట ఇంగ్లండులో కూర్చుని బొమ్మ గీసినవాడికి తాండూరు పేరు కూడా తెలిసి వుండదు. ఐనా పాలిషింగు యూనిట్ల ముందు తెల్లటి బురద మడుగులను చూసినప్పుడల్లా నాకు ఆ బొమ్మలు గుర్తుకు వస్తున్నాయి.

ఆ పట్టణాన్ని నడిపేది లింక్ అనే మహా కంప్యూటరు. ఎవరు ఏ తలుపు దాటాలో, ఎవరికి ఏ హోదా వుండాలో దాని లెక్క ప్రకారమే. లెక్కలోంచి పేరు కొట్టేస్తే మనిషి బతికి వున్నా లేనివాడే. ల్యాంబ్ అని ఒక కార్ఖానా పెద్ద వుంటాడు. పనివాళ్లను ఈసడించే గర్విష్ఠి. కథ ముందుకు జరగాలంటే ఒకచోట ఫాస్టరు ఆ ల్యాంబ్ పేరును లెక్కలోంచి కొట్టెయ్యాలి. ఒక్క నొక్కు. అయిపోతుంది.

మా అమ్మాయి అక్కడ ఆగింది. “వీడు చెడ్డవాడే అనుకో. కాని పేరు తీసేస్తే వీడు ఎక్కడికి పోతాడు నాన్నా?” అంది. వేరే దారి వెతికింది, లేదు. చివరికి నొక్కింది. ఆట మన చేత ఆ పని చేయించి ఊరుకోదు. తరవాత ఆ మనిషిని మళ్లీ మన ఎదట నిలబెడుతుంది. నిన్నటిదాకా సిగరెట్టు పొగలాగా మాటలు వదిలినవాడు, ఇప్పుడు దిక్కులేక మనవంక చూస్తూ సాయం అడుగుతాడు. అమ్మాయి మొహం చిన్నబోయింది. నీతి శతకం చెప్పి ఆ పని చేయించటం నావల్ల అయ్యేది కాదు.

నాకు మాత్రం ఆ క్షణాన తాండూరులో ఒక సందులోని రేషను దుకాణం మనస్సులో మెదిలింది. కిందటి వానాకాలం అక్కడ ఒక పెద్దాయన నిలబడివున్నాడు. జీవితమంతా బండలు నునుపు చేసే పనిలో గడిపిన మనిషి. యంత్రం మీద బొటనవేలు పెడతాడు, తిరస్కరించింది. చూపుడువేలు; తిరస్కరించింది. నీళ్లతో కడిగి, తుండుగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాడు. లాభం లేదు. వరసలో వెనకనున్నవాళ్లు గొణుగుతున్నారు. దుకాణందారు చెడ్డవాడేం కాదు. “నువ్వెవరో నాకు తెలుసు పెద్దాయనా, మిషను ఒప్పుకోవద్దా?” అంటున్నాడు.

పెద్దాయన నావైపు తిరిగి అరచేతులు చూపించాడు. “ఏలిముద్ర పడ్తలేదు సార్. నా ఏళ్లు బండలే తిన్నయి” అన్నాడు. ఆ వేళ్ల కొసలు ఆయన నునుపు చేసిన బండల్లాగే వున్నాయి, గీత లేదు.

ఇల్లాంటివారి కోసం కంటిపాపను చూసే యంత్రాలు, ఫోనుకు వచ్చే అంకెలు వంటి మార్గాలు కూడా పెట్టారు. ఆ రోజు ఆయన కొడుకు ఫోను తెప్పించి, అంకెలు చెప్పి, గంట తరవాత బియ్యం ఇచ్చారు. ఫోనున్న కొడుకు లేనివాడి మాటేమిటి? యంత్రం వద్దని నేననను. దొంగ కార్డులూ, దొంగ వేలిముద్రలూ మనకు తెలియనివి కావు. కాని యంత్రం పక్కన, ‘ఇతన్ని నేనెరుగుదును’ అని రాసి సంతకం పెట్టగల మనిషి ఒకడుండాలి. ఆ సంతకానికి విలువ వుండాలి. అది పోయిననాడు మన ఊళ్లకూ, ఆ ఉక్కు కప్పు కింది పట్టణానికీ భేదం పలచబడిపోతుంది. పేరు కొట్టివేయటం ఎంత తేలికో మా అమ్మాయి ఒక్క నొక్కుతో తెలుసుకుంది. తిరిగి రాయించుకోవటం ఎంత కష్టమో ఆ పెద్దాయన గంటసేపు నిలబడి చూపించాడు.

చివరికి ఆ లింక్ అసలు రూపమేమిటి, ఫాస్టరును ఎందుకు తెచ్చారు అన్న సంగతి నేను చెప్పను. సీరియలు చివరి భాగం ముందే చెప్పేవాణ్ణి ఏ ఇంట్లోనూ భోజనానికి పిలవరు.

ఈ ఆట గురించి మెచ్చుకోవలసిన సంగతి ఇంకొకటి వుంది. పాత కంప్యూటర్లు మూలబడేసరికి వాటితోబాటు పాత ఆటలూ మూలబడ్డాయి. ఫ్లాపీలు బూజు పట్టాయి. అప్పుడు కొందరు ఔత్సాహికులు జీతం భత్యం లేకుండా 2001లో స్కమ్‌విఎం అనే ప్రోగ్రాము మొదలుపెట్టారు. పాత ఆటలను కొత్త యంత్రాల మీద నడిపించటమే దాని పని. రివల్యూషన్ వారు వీరికి తోడ్పడి, 2003లో ఈ ఆటను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అమ్ముకునే సరుకును ఊరికే ఇచ్చి వాళ్లు చెడిపోలేదు. ఆట బతికింది, అభిమానులు పెరిగారు, 2020లో దీనికి రెండవ భాగం ‘బియాండ్ ఎ స్టీల్ స్కై’ కూడా వచ్చింది.

మన సంగతి ఆలోచించండి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివు యుగంధర్‌ను రైలు ప్రయాణాల్లో చదవనివారు ఒకప్పుడు అరుదు. ఆ పుస్తకాలు, ఆనాటి వారపత్రికలు ఎన్ని అటకల మీద చెదలకు ఆహారమయ్యాయో! ప్రెస్ అకాడమీ వారు పాత పత్రికలను కొంతవరకు స్కాను చేసి పదిలపరిచారు. కొందరు అభిమానులు పాత చందమామలను అల్లాగే కాపాడారు. అవి చాలవు. పాఠకుల ఇళ్లలో కుట్టు విడిపోయిన సీరియలు బైండులు వుంటే, పాత కాగితాలవాడికి తూకానికి వేసేముందు ఒక్కసారి దగ్గరలోని గ్రంథాలయంలో అడిగి చూడండి.

ఆట ఆడదలచినవారికి రెండు మాటలు. ఖర్చు లేదు, పాత ల్యాప్‌టాపు చాలు. మాటలన్నీ ఇంగ్లీషులో, బ్రిటిషు వెక్కిరింపుతో వుంటాయి. జోయీ నోరు మరీ పెద్దది. పిల్లలు చదివి పెద్దలకు తెలుగులో చెబితే ఇద్దరికీ లాభం. కథలో చావులున్నాయి, నెత్తురుంది, కొంటె మాటలున్నాయి. కనక బడి పిల్లలకు వద్దు, కాలేజీ పిల్లలు చాలు. రోజుకు ఒక గంట కంటె ఎక్కువ ఆడనక్కరలేదు. చిక్కుముడి తలలో వుండిపోతుంది. అంట్లు తోముతున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో అదే విడిపోతుంది.

ఎక్కడైనా తలుపు రాకపోతే ఈ శీర్షికకు ఉత్తరం రాయకండి. ఇంట్లో వున్న నలుగురినీ పిలిచి చూపించండి. గడ్డపార పట్టటం తెలిసినవాళ్లు ఎవరో ఒకరు వుండే వుంటారు.